ఎండ నొల్లని బిడ్డలు



మన యిండ్లలో పసిబిడ్డకు నూనె యంటి, నలుగు పెట్టి, నీళ్లు పోసి, ప్రొద్దుటి లేత యెండలో కొంతసేపు పరుండబెట్టుట తరతరముల వాడుక. ఆరోగ్యము సూర్యునివలన గలుగునని మన నమ్మకము. మయూరకవి సూర్యశతకము రచించి తన చర్మవ్యాధిని బాపుకొనెనను కథ మీలో వినని వారుండరు. ఆ నమ్మకమును కాదనుటకు నేను రాలేదు. నేటికిని ప్రొద్దుననే తూర్పుమొగముగ నిలిచి అర్ఘ్యమిచ్చువాడనే. కాని నూటికి కాదు, వేయికి కాదు, లక్షలలో నెక్కడనో యొక బిడ్డకు ఆ లేత యెండయే విషమగును. అట్టి బిడ్డ మీ యింటనో మీ వీథిలోనో పుట్టినచో ఆ సంగతి గుర్తింపవలసినవారు వైద్యులకంటె ముందు మీరు. ఏలయన బిడ్డను ఒడిలో నుంచుకొని మొగము పరకాయించి చూచువారు మీరే గదా.

నేను దీనిని గ్రంథములు చదివి నేర్చుకొనలేదు. తప్పు చేసి నేర్చుకొంటిని. 1993వ సంవత్సరమున నొక పల్లెబడిలో మూడవ తరగతికి పాఠములు చెప్పుచుంటిని. ఆ తరగతిలో ఎనిమిదేండ్ల బాలుడొకడు. మొగమునిండ నువ్వులు చల్లినట్లు గోధుమరంగు చిరుమచ్చలు, నల్లని చిరుమచ్చలు. పెదవులు పొడిబారి పగిలియుండెడివి. ఉదయము ప్రార్థనకు పిల్లలందరు వరుసలు దీరగా వీడు మాత్రము వరుస విడిచి వేపచెట్టు మొదట నిలుచువాడు. తలమీద తువాలు. ఎన్నిసార్లు పిలిచినను కండ్లు నులుముకొనుచు తల వంచుకొనువాడేకాని కదలడు. తక్కిన పిల్లలు అంటువ్యాధి యనుకొని వాని ప్రక్కను కూర్చుండరు. నేను దానిని అవిధేయత యనుకొంటిని. ఒకనాడు కోపము పట్టలేక తువాలు లాగివేసి, మధ్యాహ్నపు పాఠ మొకటి ముగియువరకు ఆవరణలో ఎండను నిలువబెట్టితిని.

ఆ సాయంకాలము వాని తండ్రి వచ్చెను. రైతు. జగడమునకు వచ్చినవాడు కాడు. అరుగు క్రింద నిలిచి, "మేష్టారూ, వాడు మాట వినక కాదండీ. ఎండలోకి వస్తే కళ్లు తెరవలేడు. వాడి అక్కదీ ఇదే వరస. అది మాకు దక్కలేదండీ" అనెను. ఆ బాలిక తన పండ్రెండవ యేట, క్రిందిపెదవిమీద లేచిన మానని పుండుతో పోయినదట. ఒకరు కుష్ఠువని మందిచ్చిరి; వేరొకరు దిష్టి యని తాయెత్తు కట్టిరి; తల్లికి శాపమున్నదని వీథిలో చెప్పుకొనిరి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరి మూడేండ్లకు బాలుని ముక్కుమీద బఠాణీగింజంత కణితి లేచి రక్తము కారజొచ్చెను. నగరములోని పెద్దయాసుపత్రికి కొనిపోవుచు తోడు రమ్మని నన్నడిగిరి. అచ్చటి చర్మవైద్యుడు వానిని చూచిన కొద్ది నిమిషములలోనే వ్యాధి పేరు చెప్పెను. అది జీరోడెర్మా పిగ్మెంటోసమ్. మొదటిమాటకు గ్రీకుభాషలో పొడిబారిన చర్మమని యర్థము. రెండవది రంగుమచ్చలను దెలుపును. శుష్కచిత్రచర్మమని దీనిని సంస్కృతీకరింపవచ్చును గాని, పేరు మార్చుటవలన రోగము తగ్గదు గనుక విడిచితిని. మన సుశ్రుతుడు క్షుద్రరోగములలో తిలకాలకము, న్యచ్ఛము, వ్యంగము మున్నగు చర్మపు మచ్చలను పేర్కొనియున్నాడు. వానిలో నేదియో యొకటి యీ వ్యాధియే యని కొందరు మిత్రులు వాదింతురు. ఆ వాదమువలన బిడ్డకు గొడుగంత నీడయైన దొరకదు.

ఈ వ్యాధిని వియన్నా నగరమున హెబ్రా, కపోసి యను వైద్యులు 1874లో వర్ణించిరి. 1882లో కపోసియే దానికి నేటి పేరు పెట్టెను. కారణము మాత్రము చాలకాలము తెలియలేదు. 1968లో కాలిఫోర్నియాలో జేమ్స్ క్లీవర్ అను శాస్త్రజ్ఞుడు దానిని కనుగొనెను. ఆ కారణము మన పండితులకు సుబోధమైనది కావున కొంచెము నిలిచి చెప్పెదను.

మన శరీరమందలి ప్రతి కణములోను డి.ఎన్.ఏ. యను సన్నని దారము గలదు. అందు నాలుగే యక్షరములతో మన దేహనిర్మాణమంతయు వ్రాయబడియున్నది. దానిని తాళపత్రగ్రంథ మనుకొనుడు. ఎండలో మన కంటికి గోచరింపని అతినీలలోహిత కిరణములున్నవి. అవి చర్మమున దూరినప్పుడు ప్రక్కప్రక్కనున్న రెండక్షరములు జిగురు పెట్టినట్లు అతుకుకొనిపోవును. ఇది మనకందరకు ప్రతిదినము జరుగుచునేయున్నది. పొలములో పనిచేయు కూలివాని చర్మమున నెన్ని లక్షల చోట్ల నిట్లగునో! అయినను మనకు కీడు గలుగదు. కణములోనే యొక పరిష్కర్త యున్నాడు. చెడిన తావు కనిపెట్టి, దాని కిరుప్రక్కల కలిపి సుమారు 30 అక్షరముల తునుకను కత్తిరించి తీసివేసి, ఖాళీని మరల వ్రాయును. ఏమి చూచి వ్రాయును? ఆ దారము రెండు పేటలది. ఒక పేటలోని యక్షరమునకు ఎదుటి పేటలో నియతమైన జోడు గలదు. పురుగు తొలిచిన పద్యములో ప్రాసయక్షరమును తక్కిన పాదములు చూచి మనము పూరింతుమే, అట్లే యని తెలియునది.

ఈ వ్యాధి గల బిడ్డకు ఆ పరిష్కర్త లేడు, లేదా కుంటివాడు. తప్పులు దిద్దబడక నిలిచిపోవును. కణము రెండుగా చీలునప్పుడు ఆ తప్పుల ప్రతినే ఎత్తి వ్రాసికొనును. తప్పుమీద తప్పు పేరుకొని, తుదకు ఎదుగుట ఆపుకొనలేని కణము పుట్టును. అదియే క్యాన్సరు, మనవారు రాచపుండనుచుందురు. దిద్దుబాటుకు గావలసిన ఏడు జన్యువులలో నేది చెడినను ఈ వ్యాధి రావచ్చును. వేరుతీరున పనిచేయు ఎనిమిదవది చెడినను వచ్చును. అందుచేతనే బిడ్డబిడ్డకు లక్షణములు కొంత మారుచుండును. దిద్దుబాటు ఎట్లు జరుగునో వివరించినందుకు 2015లో అజీజ్ సంజార్ అను నాతనికి, మరి యిద్దరితో కలిపి, రసాయనశాస్త్రమున నోబెల్ బహుమాన మిచ్చిరి. ఈయన తుర్కీలోని సవూర్ అను చిన్నయూర పుట్టినవాడు. తలిదండ్రులు బడి మొగము చూడనివారు. బడిపంతులను గనుక ఈ మాట చెప్పక యుండలేకపోతిని.

ఇక గుర్తుల మాట. ఇదియే ముఖ్యము.

రెండేండ్లు నిండకముందే బిడ్డ మొగముమీద చిరుమచ్చలు పొడసూపుట మొదటి గుర్తు. తెల్లదొరల పిల్లలకు మొగమున మచ్చలుండుట వింత గాదు. చామనచాయ బిడ్డకు, అందును నడకయైన సరిగా రాని బిడ్డకు, అది సహజము కాదు. మచ్చలెచ్చట నున్నవో చూడుడు. మొగము, మెడ, చెవులు, ముంజేతులు, అనగా ఎండ తగులు చోట్లనే యుండి, బట్టక్రింది పిరుదులు నున్నగా నుండెనా, అనుమానింపవలసినదే. క్రమముగా ఆ మచ్చల నడుమ తెల్లని చుక్కలును గలిసి, చర్మము పొడిబారి, పదేండ్ల బిడ్డ మొగము ఎండలో బ్రతుకు గడపిన ముదుసలి మొగమువలె నగును.

కొందరు బిడ్డలకు కొద్ది నిమిషముల యెండకే చర్మము కందిపోయి పొక్కులు లేచి, వారములకొలది మానకయుండును. ఇట్టివారిని ఎవరైనను గుర్తింతురు. కాని యీ రోగముగల బిడ్డలలో సగముమందికి ఎండ కందదు. వారికి మచ్చలొక్కటే జాడ. కందనివారే ఎక్కువ అపాయమున పడుదురు, ఏలయన వారిని నీడనుంచవలెనని ఎవరికిని తోచదు.

కన్నును చూడవలెను. వెలుతురు చూడలేక కన్నులు మూసికొనుట, నీరు కారుట, ఎఱ్ఱబారుట, కొంతకాలమునకు నల్లగ్రుడ్డుమీద పొర గ్రమ్మి చూపు మందగించుట యీ వ్యాధిలో గలవు. నా యొద్దనున్న బాలుని గుర్తు ఇదియే. నేను దానిని మొండితనమని చదివితిని. రోగులలో సుమారు నాలుగవవంతు మందికి నరములుగూడ చెడి, వినికిడి తగ్గుట, నడక తూలుట, చదివినది నిలువకపోవుట సంభవించును.

ఈ గుర్తులుండగా తరువాతి మెట్టునకు వేచియుండరాదు. ఆ మెట్టేదనగా మానని పుండు, మెఱయుచు పెరుగు బొడిపె, కొమ్మువలె గట్టిపడి లేచిన చర్మము, రంగో రూపమో మారుచున్న నల్లమచ్చ. పెదవి, కనురెప్ప, నాలుక కొనగూడ చూడవలసినవి. నోరు తెరచినప్పుడు నాలుకకొనకు ఎండ తగులును గదా. ఎండనుండి కాపాడని యెడల పదేండ్లు నిండకముందే మొదటి క్యాన్సరు లేచుట తరచు. ఇరువదేండ్ల లోపు రోగులకు చర్మపు క్యాన్సరు భయము తక్కినవారికంటె పదివేల రెట్లు.

దీనిని బొల్లితో కలిపివేయరాదు. బొల్లిలో తెల్లమచ్చలేకాని నువ్వుగింజల వంటి నల్లమచ్చలుండవు. కుష్ఠువు మచ్చకు స్పర్శ తగ్గును, దీనికి తగ్గదు. పుట్టుకతోనే వెండ్రుకలును చర్మమును తెల్లనై వచ్చిన బిడ్డలకును ఎండ కీడే, వారికిని నీడ కావలెను, కాని ఆ వ్యాధి వేరు. ఇది అంటునది గాదు. ఒక కంచమున తినవచ్చును, ఒక చాపమీద పరుండవచ్చును. ఈ మాట మా బడిలో నేను మూడేండ్లు ఆలస్యముగా చెప్పితిని.

ఆ దినమున ఆసుపత్రిలో వైద్యుడు తండ్రి నడిగిన మొదటి ప్రశ్న, "మీది మేనరికమా?" అని. ఆయన అక్కకూతురినే వివాహమాడియుండెను. తెలుగునాట నిది అపూర్వము గాదు. సంబంధము చూచునప్పుడు మనము గోత్రము విచారింతుము, ఇంటిపేరు విచారింతుము. సగోత్రము కాకున్న చాలునని నిశ్చింతగా నుందుము. కాని గోత్రము తండ్రివైపుననే నడచును. మేనమామ గోత్రము వేరు, మేనకోడలి గోత్రము వేరు. రక్తముచేత మాత్రము వారిరువురకు జన్యువులలో నాలుగవవంతు సమానము. మేనత్తమేనమామల బిడ్డలకు ఎనిమిదవవంతు. గోత్రనియమమును ఏర్పరచిన పెద్దలను నేను తప్పుపట్టను. ఈ రోగము గోత్రమును చదువదని మాత్రము చెప్పెదను.

ఈ జన్యువులు మనకు తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటిగా జంటలై వచ్చును. జంటలో నొకటి చెడినను రెండవది పని నడపును. మనిషి ఆరోగ్యముగనే యుండును, తనలో లోపమున్నట్లు తానెరుగడు. అట్టివారిరువురు దంపతులైనప్పుడు, పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట నొక పాలు రోగము వచ్చు అవకాశము. చెడిన జన్యువు ఒకే తాతనుండియో అవ్వనుండియో దిగివచ్చును గనుక దగ్గర చుట్టములు దంపతులైన నీ కలయిక సులభము. నాలుగింట నొకటి యనగా మొదటిబిడ్డకు వచ్చినది, ఇక ముగ్గురికి రాదని యర్థము కాదు. పాచికలకు వెనుకటి పందెము జ్ఞాపకముండదు. ఆ రైతు నలుగురు బిడ్డలలో పెద్దకుమారు డొక్కడే ఆరోగ్యవంతుడు. తక్కిన ముగ్గురికిని వచ్చెను. మేనరికపు దంపతుల బిడ్డలలో ఎక్కువమంది చక్కగనే యుందురు. మేనరికము కాని యిండ్లలోను ఈ వ్యాధి రాకపోదు. అమెరికాలో పదిలక్షల మందికొకరును, జపానులో సుమారు 22,000 మందికొకరును దీనికి లోనగుదురని గణించిరి.

కావున మేనరికములన్నియు రేపటినుండి మానుడని నేను చెప్పను. చెప్పినను మీరు వినరు. కాని యే వంశమున నిట్టి బిడ్డ యొకసారి పుట్టెనో, ఆ వంశములో మరల మేనరికము చేయుట తెలిసి నూతిలో దూకుట. 2006లో ఆ యింటి పెద్దకుమారునికి మేనమామ కూతురిని నిశ్చయింపబోగా నేను పిలువని పేరంటముగా పోయి అడ్డుపడితిని. పెద్దవారు నొచ్చుకొనిరి. పిల్లవాడు నా మాట వినెను. హైదరాబాదున సి.డి.ఎఫ్.డి. యను ప్రభుత్వసంస్థయందును, నిమ్స్ ఆసుపత్రి జన్యువైద్యశాఖయందును ఇట్టి వంశరోగముల విచారణ గలదు. కుటుంబమున చెడిన జన్యువు ఫలానిదని రక్తపరీక్షవలన తేలినచో, తరువాతి బిడ్డ గర్భమున నుండగానే తెలిసికొనుట నేడు సాధ్యము.

వంశమున దిగివచ్చు చర్మపు క్యాన్సర్లు ఇంకను గలవు. 1960లో గోర్లిన్, గోల్ట్జ్ అను అమెరికా వైద్యులు వర్ణించిన యొక వ్యాధిలో తల్లియో తండ్రియో రోగియైన చాలును, బిడ్డకు సగము అవకాశముండును. అందు అరచేతులలో సూదితో పొడిచినట్లు చిన్నగుంటలు, ఈడువచ్చు వయసున దవడయెముకలలో నీటితిత్తులు కనిపించును. దవడవాపుకై పంటివైద్యునియొద్దకు పోయినవారు దీనితో బయటపడుట కలదు. ఒకే యింట ఇద్దరు ముగ్గురికి నల్లమచ్చ క్యాన్సరై మారుట తెల్లజాతులలో ఎక్కువ. ఇంతకంటె వీనిని గూర్చి నేడు చెప్పను.

చికిత్స యేమందురా? ఆ పరిష్కర్తను లోపల ప్రవేశపెట్టు మందు నేటికిని లేదు. నీడయే మందు. కాని నీడ యనగా వేపచెట్టు నీడ గాదు. ఆకుల సందులనుండియు, మబ్బుచాటునుండియు, కిటికీ యద్దమునుండియు ఆ కిరణములు వచ్చును. బిడ్డకు నిండు చేతుల చొక్కా, కాలిమడమల వరకు బట్ట, చేతితొడుగులు, మొగము కప్పు వెడల్పు టోపీ, కిరణముల నాపు కంటియద్దములు, బయట కనబడు చర్మమునకు వైద్యుడు చెప్పిన లేపనము, కిటికీలకు కిరణముల నడ్డు పలుచని పొర కావలెను. కొన్ని ట్యూబులైట్లనుండియు ఆ కిరణములు కొంచెము వెలువడును, ఎల్.ఇ.డి. దీపములు మేలు. చుట్ట, బీడీ పొగవలన గలుగు చెరుపునుగూడ ఆ పరిష్కర్తయే దిద్దవలెను గావున, తాతగారి చుట్ట వీథియరుగునకు పోవలసినదే. ఎండ సోకని బిడ్డకు డి-విటమిను తక్కువగును; దానిని వైద్యుడు మందుగా నిచ్చును. మూడునాలుగు నెలల కొకసారి చర్మవైద్యునికి, ఏటేట కంటివైద్యునికి చూపవలెను. చిన్నబొడిపెగా నున్నప్పుడు తీసివేయుట అరగంట పని. పెదవి తినివేసిన పిమ్మట ఎంత పెద్ద వైద్యుడైనను చేయగలిగినది కొంచెము.

బడిపంతుళ్లకు రెండు మాటలు. ఆ బిడ్డను కిటికీకి దూరముగ కూర్చుండబెట్టుడు. ఆటలకు సాయంకాలము ప్రొద్దు క్రుంకిన పిమ్మట రానిండు. టోపీ తీయుమని యడుగకుడు. నేను నిలువబెట్టిన ఆ యొక్క గంట యెండయే వాని ముక్కుమీది కణితికి కారణమని చెప్పలేమని వైద్యుడు నన్నూరడించెను. అది నిజమే కావచ్చును. కాని దిద్దబడని తప్పుల లెక్కలో నా గంటయు కలిసియున్నది. వానికి ముక్కుమీద, చెంపమీద, కన్నుకొనను తొమ్మిదిసార్లు కత్తి పడెను. 2004లో పందొమ్మిదవ యేట పోయెను. చివరి రెండేండ్లు నాతో రాత్రులందు ఆంధ్రమహాభారతము చదువుకొనెను. చూపు తగ్గిన పిమ్మట నేను చదువగా వినెను.

1996లో మేము ఆసుపత్రికి పోయినప్పుడు తల్లి నిండుచూలాలు. వైద్యుడు ఆమెతో, పుట్టిన బిడ్డను పరీక్ష తేలువరకు ఎండకు తేవద్దనియు, మొగమును పదిదినముల కొకసారి దీపము పట్టి చూడుమనియు చెప్పి పంపెను. 1997 మొదట ఆడపిల్ల పుట్టెను. ఈసారి లేత యెండయు లేదు, నలుగు పిదప పెరటి మంచమును లేదు. అవ్వ గొణిగినదిగాని తల్లి లొంగలేదు. పదునెనిమిదవ నెలలో ముక్కు ప్రక్కను మూడు చిరుమచ్చలు కనబడినవి. ఆ వారమే ఆసుపత్రికి పోయిరి. అక్కకు ఎన్నడును తెలియలేదు, అన్నకు పదునొకండవ యేట తెలిసెను, ఈమెకు నడక రాగానే తెలిసెను.

ఆమె టోపీతో, అద్దములతో మా బడిలోనే చదివినది. పరీక్షలు వ్రాసి పట్టమును పొందినది. నేడు ఇంటివద్ద బట్టలు కుట్టును. రాత్రి రెండుజాములవరకు మిషను చప్పుడు వినబడుచుండును. ప్రతిమాసము సెల్‌ఫోనుతో తన మొగమును, చెవులను, మెడను ఒకే దీపము క్రింద ఫోటో తీసికొని, ప్రొద్దు క్రుంకిన పిమ్మట మా యింటికి వచ్చును. వెనుకటి మాసపు ఫోటోతో సరిచూచుట నా పని. ప్రతులు సరిచూచుట నాకలవాటే గదా. పోయిన మాసము ఎడమచెవి వెనుక క్రొత్తమచ్చ యొకటి కనబడినది. నాకు అనుమానము తోచి చెప్పితిని. వైద్యులు దానిని తీసివేసిరి. మూడు కుట్లు పడినవి.